ఒక్కసారి ఒక్కటే చెప్పండి అంకుల్

"అంకుల్, ఒక్కసారి ఒక్కటే చెప్పండి, ప్లీజ్."

రెండు నెలల క్రితం ఒక గురువారం సాయంత్రం, దోహాలో మా బిల్డింగ్ వెనకున్న ఖాళీ స్థలంలో, పధ్నాలుగేళ్ళ పిల్ల నాతో అన్న మాట ఇది. అరవలేదు. బ్యాట్ కింద పెట్టి, గ్లౌజులు విప్పుకుంటూ, చాలా మర్యాదగా అంది. ఆ మర్యాదే నాకు ఎక్కువ గుచ్చుకుంది. విసుక్కుని ఉంటే "ఈ కాలం పిల్లలు" అనుకుని చేతులు దులుపుకునేవాణ్ణి.

ముందు కథ చెప్పి తర్వాత నా గోల చెబుతాను.

వాళ్ళు మా పక్క ఫ్లాట్ వాళ్ళు, రాజమండ్రి వైపు. పేర్లు రాయను, రాస్తే ఆ పిల్ల నాతో మాట్లాడటం మానేస్తుంది. అమెరికన్ సిలబస్ బళ్ళో తొమ్మిదో తరగతి. అక్కడ ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ జట్టు ఉంది. మూడు మ్యాచుల్లో వరసగా బంతిని సరిగా తగిలించలేకపోయింది. అయితే స్ట్రైకవుట్, లేకపోతే షార్ట్‌స్టాప్ చేతుల్లోకి నేలబారుగా ఒక దెబ్బ. బ్యాటింగ్ వరసలో ఆఖరికి, తొమ్మిదో స్థానానికి నెట్టారు. వాళ్ళ నాన్నగారు సైటు ఇంజనీరు, రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరడు. అందుకని వాళ్ళమ్మగారు ఓ రోజు లిఫ్టు దగ్గర పట్టుకున్నారు. "అన్నయ్యగారూ, మీరు క్రికెట్ బాగా ఆడేవారట కదా, మా దానికి బ్యాట్ తిప్పడం కాస్త చెప్పరూ?"

"బాగా ఆడేవారట" అనే మాట మగవాణ్ణి ఎంత దూరమైనా లాక్కుపోతుంది. తెనాలిలో కాలేజీ గ్రౌండులో ఆడిన టెన్నిస్ బాల్ క్రికెట్టు తప్ప నా ఖాతాలో ఏమీ లేదు. ఆ మాట మాత్రం ఆవిడకి చెప్పలేదు. "దాందేముందమ్మా, బ్యాటే కదా" అన్నాను. ఈ కథలో మొదటి తప్పు అదే.

అసలు సాఫ్ట్‌బాల్ అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. 1887లో షికాగోలో ఒక క్లబ్బులో, జార్జ్ హాన్‌కాక్ అనే ఆయన బాక్సింగ్ గ్లవ్‌ని తాడుతో బంతిలా కట్టి, చీపురు కర్రని బ్యాట్ చేసి, హాల్లోనే బేస్‌బాల్ లాంటి ఆట ఆడించాడు. అంటే పుట్టుకతో ఇది మన గల్లీ క్రికెట్‌కి చుట్టమే. పేరులో సాఫ్ట్ ఉందిగానీ బంతి మెత్తగా ఏమీ ఉండదు. చుట్టుకొలత 12 అంగుళాలు, బరువు 180 నుంచి 200 గ్రాముల దాకా. క్రికెట్ బంతి కంటే పెద్దది, బరువైనది. బ్యాటేమో గుండ్రటి గొట్టం, లావైన చోట కూడా రెండుంపావు అంగుళాలే. మన క్రికెట్ బ్యాట్ వెడల్పు నాలుగుంపావు, పైగా చదును. గుండ్రటి బంతిని గుండ్రటి కర్రతో సరిగ్గా నడిమికి కొట్టాలన్నమాట.

ఇంకా ఉంది. పిచ్చర్ నిలబడేది 43 అడుగుల దూరంలో, అంటే 13 మీటర్ల పైచిలుకు. ఒక అంగ ముందుకేసి, చెయ్యి గిర్రున తిప్పి, నడుము దగ్గర్నుంచి వదుల్తుంది. గంటకి 80 కిలోమీటర్ల వేగంతో వేసే బడిపిల్ల బంతి కూడా అర సెకనులో మీద పడుతుంది. బ్యాట్ తిప్పడానికే అందులో 0.2 సెకను దాకా పోతుంది. మిగిలిన దాంట్లోనే చూడాలి, కొట్టాలా వదలాలా తేల్చుకోవాలి. పెద్దస్థాయి పిచ్చర్లు 110 దాకా వేస్తారు. 2004లో జెన్నీ ఫించ్ అనే అమెరికా పిచ్చర్ ఒక ప్రదర్శన మ్యాచ్‌లో ఆల్బర్ట్ పూహోల్స్ లాంటి మేటి బేస్‌బాల్ వీరుణ్ణి స్ట్రైకవుట్ చేసింది. కోట్ల డాలర్లు తీసుకునే మగ బ్యాటర్లకే చెయ్యాడలేదంటే, తెనాలి కాలేజీ గ్రౌండు అనుభవం ఏ మూలకి?

అయినా నేను ఊరుకోలేదు. "పుల్ షాట్ తెలుసుగా? అచ్చం అలాగే కొట్టు" అన్నాను. ఆ పిల్లకి పుల్ షాట్ బాగా తెలుసు, వాళ్ళన్నయ్యతో కారిడార్‌లో క్రికెట్ ఆడుతూ పెరిగింది. చెప్పినట్టే కొట్టింది. దెబ్బ మళ్ళీ నేలబారుగానే పోయింది. ఎందుకంటే, పుల్ షాట్‌లో క్యాచ్ లేవకుండా మణికట్టు తిప్పి బంతిని కిందికి అణుస్తాం. క్రికెట్‌లో అది మంచి అలవాటు. సాఫ్ట్‌బాల్‌లో నేలబారుగా కొడితే, బంతి అందుకున్న మనిషి ఫస్ట్ బేస్‌కి విసిరి పారేస్తుంది, మనం అవుట్. అంటే ఆ పిల్లకి ఉన్న జబ్బునే మందని చెప్పి ఇంకో మోతాదు పోశానన్నమాట.

సరే, ఆ గురువారం సంగతికొద్దాం. ఆ రోజు నేను ఫోనులో వీడియో తీశాను, తర్వాత చూపించి తప్పులు చెబుదామని. ఆ పిల్ల వెళ్ళిపోయాక ఇంటికొచ్చి ఆ వీడియో చూశాను. పది నిమిషాలు. అందులో ఆ పిల్ల పద్దెనిమిది సార్లు బ్యాట్ తిప్పింది. నేను ముప్పై ఒక్క సలహాలు చెప్పాను. కాగితం మీద గీతలు గీసి మరీ లెక్కపెట్టాను. మోచెయ్యి ఎత్తు. తల కదపకు. కాలు ముందుకెయ్యి. అంత పెద్ద అంగ కాదు. బరువు వెనక్కి. బరువు ముందుకి. మణికట్టు చూసుకో. భయపడకు. నవ్వుతూ ఆడు! (ఈ ఆఖరిది నిజంగానే అన్నాను. పిల్ల మొహం అప్పుడు చూడాల్సింది.)

నేను తినే తిండి ఏ పని చేసి సంపాదిస్తున్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. ప్రోగ్రాంలో తప్పు దొరక్కపోతే ఒకేసారి ఆరు చోట్ల మార్చకూడదని మా టీంలో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ చెబుతాను. ఒకటి మార్చు, నడిపి చూడు, ఏమైందో రాసుకో, అప్పుడు రెండోది. ఆరూ ఒకేసారి మారిస్తే బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలీదు, పాడైనా ఎందుకు పాడైందో తెలీదు. యంత్రం విషయంలో ఇంత జాగ్రత్తపడేవాణ్ణి, పిల్ల దగ్గరకొచ్చేసరికి అర సెకనులో చెయ్యాల్సిన పనికి ముప్పై ఒక్క మార్పులు పెట్టాను.

మర్నాడు శుక్రవారం, సెలవు. మా ఆఫీసులో నెట్‌వర్క్ పనులు చూసే ఫిలిప్పీన్స్ మిత్రుడికి ఫోన్ చేశాను. వాళ్ళ దేశంలో సాఫ్ట్‌బాల్ బాగా ఆడతారు, ఆయనా కుర్రతనంలో ఆడాడు. వీడియో పంపితే చూసి ఒకటే ప్రశ్న వేశాడు. "బంతి ఎక్కడికి పోవాలో ఆ అమ్మాయికి చెప్పావా?"

లేదు. ముప్పై ఒక్క మాటల్లో ఆ మాట లేదు.

ఆయన చెప్పినవి రెండే. ఒకటి, టీ కొనుక్కోమన్నాడు. తాగేది కాదు, నడుమెత్తు రబ్బరు గొట్టం. దాని మీద బంతి పెట్టి కొడతారు. మేము కొనలేదు, రోడ్డు పనుల దగ్గర పెట్టే నారింజ రంగు కోన్ మీద ప్లాస్టిక్ పైపు ముక్క గుచ్చాం. రెండోది, ఎదురుగా గోడ మీద పిచ్చర్ తలకి కాస్త పైన ఒక గీత గీయమన్నాడు. "ప్రతి బంతీ ఆ గీతకి తగలాలి. ఇంకేం చెప్పకు. నోరు కట్టేసుకో." ఈ చివరి ముక్క ఆయన నిజంగానే అన్నాడు.

అలాగే చేశాం. మొదటి రెండు రోజులు నాకు నరకం. పెదవులు కొరుక్కుంటూ బంతులు ఏరడం, కోన్ మీద పెట్టడం, మళ్ళీ ఏరడం. మూడో రోజుకి బంతి గీత చుట్టుపక్కలకి రావడం మొదలైంది. వారంలో గమనించిందేమిటంటే, నేను చెప్పి చెప్పి విసిగిన రెండు విషయాలు వాటంతటవే కుదిరాయి. గీత ఎత్తుకి కొట్టాలంటే మణికట్టు అణచడం పనికిరాదు కాబట్టి మానేసింది. చేతులు దూరంగా చాపితే గీత దాకా బలం చేరదు కాబట్టి, తుంటి ముందు తిరిగి, చేతులు ఒంటికి దగ్గరగా ఉండి, వెనకాలే వస్తున్నాయి. ఎవరూ "తుంటి తిప్పు" అనలేదు.

ఇదేదో మంత్రం కాదు. 1998లో గాబ్రియేలె వుల్ఫ్, ఆమె సహచరులు స్కీయింగ్ కదలికలు నేర్పే ఒక పరికరం మీద మనుషుల్ని నిలబెట్టి చూశారు. కొందరితో పాదంతో బలం పెట్టమన్నారు, కొందరితో పాదాల కింది చక్రాల మీద బలం పెట్టమన్నారు. శరీరానికి తెలిసేది రెండూ ఒకటే. కానీ చక్రాల మీద మనసు పెట్టినవాళ్ళే బాగా నేర్చుకున్నారు. తర్వాతి ఏడాది గోల్ఫ్ మీదా అంతే: చేతుల ఊపు గురించి ఆలోచించినవాళ్ళ కంటే కర్ర ఊపు గురించి ఆలోచించినవాళ్ళు నయమయ్యారు. నా ముప్పై ఒక్కటీ మోచెయ్యి, మోకాలు, మణికట్టు గురించే. గీత మాత్రం బంతి గురించి.

ఇంకో సంగతి నాకు బాగా నచ్చింది. 2000లో మైకేల్ లాండ్, పీటర్ మెక్లాయిడ్ అనే ఇద్దరు క్రికెట్ బ్యాట్స్‌మెన్ కళ్ళ కదలికలు కొలిచారు. బ్యాట్స్‌మన్ బంతిని చివరిదాకా చూస్తూనే ఉండడట. బౌలర్ చెయ్యి విడిచాక కాసేపు చూసి, బంతి పడబోయే చోటికి కళ్ళు ముందే దూకేస్తాయి. ఆటగాడు ఎంత మంచివాడైతే అంత త్వరగా. మా అమ్మాయి ఇలా పెరిగిందేమో అని నా అనుమానం. కారిడార్ క్రికెట్‌లో బంతి నేల మీద పడుతుంది, సాఫ్ట్‌బాల్‌లో పడదు. అందుకే పిచ్చర్ వదలగానే పిల్ల చూపు కిందికి జారేది. దానికి నేను "తల కదపకు" అన్నాను. చెప్పాల్సింది "బంతి మీది కుట్టు ఏ రంగో చెప్పు" అని. ఆ ఒక్క మాటా ఆ తర్వాతి వారం చెప్పాను. ఆ వారానికి అదొక్కటే.

ఇక నా గోల.

మన వాళ్ళం పిల్లలకి సాయం చెయ్యడమంటే చెప్పడం అనుకుంటాం. ఇక్కడ దోహాలో శుక్రవారం పొద్దున ఏ పార్కుకైనా వెళ్ళండి, బ్యాట్ పట్టుకున్న పిల్లాడొకడు, చుట్టూ నలుగురు కోచ్‌లు: నాన్న, బాబాయి, నాన్న స్నేహితుడు, దారినపోయే ఇంకొకాయన. లెక్కలైనా, సంగీతమైనా, ఆటైనా ఇదే. మనం చెప్పింది వాళ్ళకి పనికొచ్చిందా లేదా అన్నది చూసుకోం. చెప్పాం కాబట్టి మన బాధ్యత తీరిందనుకుంటాం. డాన్ బ్రాడ్‌మన్ చిన్నప్పుడు ఇంటి వెనక నీళ్ళ ట్యాంకు దిమ్మకేసి గోల్ఫ్ బంతి కొట్టి, తిరిగొచ్చిన దాన్ని స్టంప్‌తో కొట్టేవాడు. గంటల తరబడి. ఆ దిమ్మ ఒక్క సలహా కూడా ఇవ్వలేదు.

మీరు వెంటనే గొంగడి త్రిష పేరు ఎత్తుతారని తెలుసు. ఎత్తాలి కూడా. 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్లో మూడు వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచిన భద్రాచలం అమ్మాయి. అంతకు ముందు స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్, ఆ పోటీల చరిత్రలోనే మొదటి సెంచరీ. ఆమె వెనక నాన్న రామిరెడ్డి గారు లేరా అంటారు. ఉన్నారు. కానీ ఆయన చేసినవాటిలో మనకి కనిపించేవి చూడండి. జిమ్ అమ్మేశారు, భద్రాచలం వదిలి సికింద్రాబాద్ వచ్చారు, పిల్లని మంచి అకాడమీలో పెట్టారు, ఏళ్ళ తరబడి సమయం ఇచ్చారు. అవి ఊరికే వచ్చేవి కావు. సలహా మాత్రం ఊరికే వస్తుంది, అందుకే అంత ధారాళంగా ఇస్తాం. నేనిచ్చిన ముప్పై ఒక్కటికీ నాకు ఒక్క రియాల్ ఖర్చు కాలేదు.

ఇక రెండో సంగతి, దీనికంటే పెద్దది.

వచ్చే ఏడు పదో తరగతి అయిపోగానే ఆ పిల్లని ఇంటర్‌కి ఇండియా పంపాలని వాళ్ళ ఆలోచన. విజయవాడ హాస్టలు. గల్ఫ్‌లో ఉన్న తెలుగు ఇళ్ళకి ఇది కొత్త కాదు, మనందరికీ తెలిసిన దారే. "ఎలాగూ ఆపేదే కదా, ఇప్పుడే ఆపేస్తే చదువుకి ఏడాది కలిసొస్తుంది. పైగా కొట్టడం కూడా లేదు" అని ఇంట్లో మాట నడుస్తోంది. నన్ను ఎందుకు పిలిచారో నాకు ఆలస్యంగా అర్థమైంది. నేర్చుకుంటే సరే, లేకపోతే ఆపడానికి ఒక కారణం దొరుకుతుంది. నా చెత్త కోచింగుతో ఆ కారణాన్ని దాదాపు వాళ్ళ చేతికిచ్చేశాను. ఆ పిల్ల బ్యాట్ కింద పెట్టిన సాయంత్రం, ఇంకోసారి ఎత్తకపోయినా ఎవరూ బతిమాలేవాళ్ళు కాదు.

మనం ఉన్న ఈ ఊరినే చూడండి. 2006 డిసెంబరులో ఏషియన్ గేమ్స్ ఇక్కడే జరిగాయి, వాటిల్లో మహిళల సాఫ్ట్‌బాల్ ఉంది, బంగారం జపాన్‌ది. ఖతార్ ఒలింపిక్స్‌కి ఆడవాళ్ళని మొదటిసారి పంపింది 2012లో లండన్‌కి, జెండా పట్టుకుని నడిచింది షూటర్ బహియా అల్ హమద్. 2020 జనవరిలో ఖతార్, ఒమన్, కువైట్ మహిళల క్రికెట్ జట్లు దోహాలోనే టీ20లు ఆడాయి. ఎడారిలో తలుపులు ఒక్కొక్కటే తెరుస్తున్నారు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కి సాఫ్ట్‌బాల్ మళ్ళీ వస్తోంది, క్రికెట్టూ వస్తోంది. ఈ వేళప్పుడు మనం మాత్రం కృష్ణా ఒడ్డున పిల్లల్ని నాలుగు గోడల మధ్య పెట్టడానికి సీటు బుక్ చేస్తున్నాం.

ఆ అమ్మాయి ఒలింపిక్స్‌కి వెళ్తుందని నేననడం లేదు. వెళ్ళదు. తొమ్మిదో నంబరు బ్యాటరు పాపం. నేను మాట్లాడేది అలాంటి పిల్లల గురించే. త్రిష లాంటి వాళ్ళు ఎలాగో దారి చేసుకుంటారు, లేదా వాళ్ళ నాన్నలు చేస్తారు. మామూలుగా ఆడే ఆడపిల్లకే ఎవరూ గట్టిగా మాట్లాడరు. "బాగా ఆడితే ఆడనిస్తాం" అనే షరతు మగపిల్లాడికి పెట్టం. వాడు ఎంత ఘోరంగా ఆడినా సాయంత్రం బ్యాట్ పట్టుకుని పోతాడు. తెనాలిలో నన్ను ఎవరూ ఆపలేదు, నా సగటు ఎంతని ఎవరూ అడగలేదు. ఈ పిల్లకి మాత్రం ఆడే హక్కు స్కోరు మీద ఆధారపడింది.

ఈ మాట వాళ్ళ నాన్నగారితో అన్నాను. సైటు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాడు, పాపం. ఎండాకాలంలో పదింటి నుంచి మూడున్నర దాకా బయట పని చేయించకూడదని ఇక్కడ చట్టం, అందుకని ఆయన తెల్లవారుజామున నాలుగింటికి లేచిన రోజులున్నాయి. శాంతంగా విన్నాడు. "బ్రదర్, మీ పాపకి ఆరేళ్ళు. తనకి పదిహేనేళ్ళు రానివ్వండి, అప్పుడు ఈ మాటే చెప్పండి, వింటాను" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఇక్కడ ఉద్యోగం ఉన్నంతకాలమే వీసా, తర్వాత ఎక్కడికో తెలీదు, అందుకే పిల్లల చదువు మీద అంత గట్టిగా చెయ్యేస్తాం. ఆ భయం నాకూ ఉంది. అయినా భయం నిజమైనంత మాత్రాన దానికి మందు పిల్ల చేతిలో బ్యాట్ లాగేసుకోవడం కాదని నా అభిప్రాయం. రోజుకో గంట ఆటవల్ల సీటు పోయేట్టయితే ఆ సీటు అంత గట్టిదేం కాదు. విజయవాడ పంపినా, గ్రౌండు ఉన్న కాలేజీ చూసి పంపమని మాత్రం అడిగాను. "చూద్దాం" అన్నాడు. మన భాషలో "చూద్దాం" అంటే ఏమిటో మీకు తెలుసు. అయినా "కాదు" అనలేదు కదా అని నా ఆశ.

పోయిన శనివారం మ్యాచ్‌కి నేనే కారులో తీసుకెళ్ళాను. నాలుగు సార్లు బ్యాటింగ్ వచ్చింది. రెండు స్ట్రైకవుట్లు, ఒకటి నేలబారు. నాలుగోది పిచ్చర్ తల మీదుగా వెళ్ళి సెంటర్ ఫీల్డ్‌లో పడింది. గోడ మీద గీత ఉన్న ఎత్తే. నేను సీట్లోంచి లేచి ఏదో అరవబోయి, కూర్చున్నాను.

తిరిగొచ్చేటప్పుడు దారిలో కరక్ చాయ్ కోసం ఆపాను. మా పాప వెనక సీట్లోంచి "అక్కా, నాకూ నేర్పవా?" అంది. నేర్పుతానంది. ఇంటికొచ్చాక కోన్ దగ్గర బ్యాట్ చేతికిచ్చి, గోడ మీది గీత చూపించి, పక్కకి తప్పుకుని నిలబడింది. మా పాప పది సార్లు ఊపితే ఒక్కటీ తగల్లేదు. "మోచెయ్యి కాస్త..." అని నేను మొదలెట్టాను.

ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగి చూశారు.

నోరు మూసుకుని బంతి ఏరడానికి వెళ్ళాను.